అగ్గిపెట్టెంత గడి

మా ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చోగా ఈ ఇరవై రెండేళ్లలో నేను చూసింది రెండే సార్లు. ఒకటి, పన్ను పీకించుకున్న రోజు. రెండోది పోయిన ఎండాకాలం, పరీక్షల ఆఫీసులో. నేనిప్పుడు చెప్పబోయేది ఆ రెండోదాని గురించే.

నేను దర్జీని. మా ఇంటి ముందుగదే నా కొట్టు. కిటికీ కింద కుట్టుమిషను, గోడ పొడుగునా కత్తిరింపుల బల్ల, ఆ వెనక తెర, తెర అవతల మా సంసారం. ఆవిడ మా వీధి చివర బళ్లో డ్రాయింగు టీచరు. ఇంట్లో ఉన్నంతసేపూ కాలుకాలిన పిల్లిలా వంటింట్లోంచి కొట్లోకి, కొట్లోంచి మేడమీదికి తిరుగుతూనే ఉంటుంది. తిండి నిలబడే తింటుంది. పొరపాటున కూర్చుందా, ఇక కాలు ఊపడం మొదలు. నేను మిషను తొక్కే వేగం కన్నా ఆ కాలు ఊపే వేగమే ఎక్కువ. నాకేమో కొలతలు రాసుకునేటప్పుడు కళ్లెదుట ఏది కదిలినా ఒళ్లు మండుతుంది. ఈ సంగతి మీద మా ఇద్దరికీ రోజూ ఒక విడత గొడవ జరగాల్సిందే.

బళ్లో డ్రాయింగు టీచరంటే కూరలో కరివేపాకు. పరీక్షలు దగ్గరపడితే చాలు, లెక్కల మాస్టారు వచ్చి ఆవిడ పీరియడు పట్టుకుపోతాడు. అడిగేవాళ్లుండరు. అలాంటిది రెండేళ్ల కిందట భాష చెప్పే టీచరమ్మకి మోకాలి ఆపరేషనైంది, ఏడాది సెలవు పెట్టింది. పెద్ద టీచరు మా ఆవిణ్ణి పిలిచి, మీరెలాగూ ఖాళీయే కదా, ఏడో తరగతికి వ్యాసాలు రాయడం మీరు నేర్పండి అంది. ఏడో తరగతికి ఊళ్లోని బళ్లన్నిటికీ కలిపి పెద్ద పరీక్ష. అందులో సగం మార్కులు వ్యాసానివే. ఖాళీ అన్న మాటకి మా ఆవిడ అరికాలి మంట నెత్తికెక్కింది గానీ, సరేనంది.

ఆ తరగతిలో ముప్ఫై ఒక్కమంది. ఏమడిగినా ఆవు వ్యాసం రాసే బాపతు. మొదటిరోజు ‘మా వీధి’ గురించి రాయమందట. సాయంత్రం ఆ కాగితాల కట్ట పట్టుకుని నా కొట్లో అటూ ఇటూ తిరుగుతూ చదివింది. మా వీధి చాలా బాగుంటుంది. మా వీధి అంటే నాకు చాలా ఇష్టం. మా వీధి అందరికీ ఉపయోగపడుతుంది. ముప్ఫై ఒక్క కాగితాల్లోనూ అవే మూడు ముక్కలు. ఒకడు మాత్రం మా వీధికి నాలుగు కాళ్లుండును అని రాయబోయి కొట్టేశాడు.

“ఇందులో వీధేదండీ?” అంది నాతో. నేనా రోజు ఒక కోటు కత్తిరిస్తున్నాను. పరాయి బట్ట, ఖరీదైన బట్ట, గుండె చిక్కబట్టుకుని సుద్దతో గీత పెడుతున్నాను. అడ్డు తప్పుకోమన్నాను. ఆవిడ తప్పుకోలేదు సరికదా, తిన్నగా కత్తిరించకుండా ముందీ గీతలెందుకని అడిగింది. బట్ట మీద లేనిది కత్తెరకెలా తెలుస్తుంది, అన్నాను విసుగ్గా. అంతే, నేనేదో మంత్రం చెప్పినట్టు నిలబడిపోయి, తర్వాత తెల్లకాగితాల కోసం మేడమీదికి పరిగెత్తింది. పొయ్యి మీది పాలు పొంగి, మాడి, ఇల్లంతా కంపు కొట్టేదాకా కిందికి రాలేదు.

మర్నాటి నుంచి ఆ తరగతిలో రాయడం బంద్. పిల్లల్ని కిటికీల దగ్గరికి తోలి, బయట కనబడేదాంట్లో ఒక్కటి, ఒకే ఒక్కటి, గీయమనేది. అందంగా అక్కర్లేదు, ఉన్నదున్నట్టు ఉంటే చాలు. తోపుడుబండి గీస్తే దాని ఏ చక్రం ఒరిగిందో చూడాలి. కుక్కని గీస్తే ఏ చెవి వాలిందో చూడాలి. ఆ తర్వాత పెన్ను పట్టాలి. గీసినదే రాయాలి, గీయనిది రాయకూడదు. ‘చాలా బాగుంటుంది’ అని ఎవరైనా రాస్తే, ఏదీ, ఆ బాగుండటం ఎక్కడుందో గీసి చూపించు అనేది. దాంతో పాపం ఆ ముక్క తరగతిలోంచే మాయమైపోయింది.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. ఎన్నేళ్లయినా అరపేజీ దాటి రాసి ఎరగదు కనక తోటివాళ్లు అరపేజీ అనే పిలిచేవాళ్లు. ఉలుకూ పలుకూ లేని పిల్ల. అదొకరోజు వాళ్లుండే మేడ మెట్లు గీసింది. పధ్నాలుగు మెట్లు, ఆరో మెట్టు అంచు విరిగి ఉంది. ఇక ఆ మెట్టు మీద ఎవరెవరు తూలతారో రాసుకుపోయింది. పాలాయన తూలతాడు గానీ పాలు ఒలకనివ్వడు. కింది వాటా మామ్మ తూలకుండా ముందే ఆగి మెట్టుని తిడుతుంది. వాళ్ల నాన్న రోజుకి రెండుసార్లు తూలి, రెండుసార్లూ మొదటిసారి తూలినట్టే ఆశ్చర్యపోతాడు. మా ఆవిడ ఆ రెండున్నర పేజీలూ కొట్లో నిలబడి పైకి చదివింది. అప్పుడు కొలత చూపించుకుంటున్న పెద్దమనిషి ఒక చేతికే గుండుసూదులు పెట్టించుకుని, రెండో చెయ్యి గాల్లోనే ఉంచి ఆఖరిదాకా విన్నాడు. నేనూ విన్నాను. అబద్ధమెందుకు, నాకు గర్వంగా అనిపించింది. ఆవిడతో మాత్రం పని చెడగొట్టావనే అన్నాను.

పరీక్షలు దగ్గరపడేసరికి కొత్త బెంగ పట్టుకుంది. పరీక్షలో వ్యాసానికి ఉండేది గంట. పిల్లలు బొమ్మకే అరగంట తినేస్తే రాసేదెప్పుడు? ఆవిడ బుర్ర ఒకచోట నిలవదు కదా, దానికీ ఒక ఉపాయం పట్టింది. పేజీ పైమూల అగ్గిపెట్టెంత గడి కొట్టాలి. అందులో నాలుగే నాలుగు నిమిషాల్లో చూసింది గీసెయ్యాలి. ఆ తర్వాత రాత. నా గోడగడియారం బళ్లోకి మోసుకుపోయి, రెండు నెలలు దాన్నే సాధన చేయించింది. ఆ రెండు నెలలూ నేను టైమెంతైందో వీధిలోవాళ్లనడిగి తెలుసుకున్నాను.

పరీక్షరోజు పొద్దున్న గేటు దగ్గర నిలబడి, లోపలికెళ్లే ప్రతి పిల్ల భుజమ్మీదా పిల్లవాడి భుజమ్మీదా చెయ్యేసి ఒకటే మాట చెప్పిందట, గడి మర్చిపోకండి అని. ఒక్కరూ మర్చిపోలేదు.

పదిరోజుల తర్వాత పెద్ద టీచరు కబురంపింది. ఆ పరీక్ష పేపర్ల మీద పిల్లల పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఎవరి పేపరో దిద్దేవాళ్లకి తెలియకూడదని పేరు గానీ, గుర్తు గానీ, బొమ్మ గానీ ఉండకూడదని రూలు. ఉంటే ఆ పేపరు పక్కన పడేసి సున్నా చుడతారు. బళ్లో మిగతా టీచర్లందరికీ అది కంఠతా వచ్చు. డ్రాయింగుకి పెద్ద పరీక్షే ఉండదు కనక ఆ రూలు మా ఆవిడ చెవిన ఏనాడూ పడలేదు. ఆవిడకి తెలియదని మిగతావాళ్లకి తట్టనూ లేదు. ముప్ఫై ఒక్క పేపర్లూ విడిగా కట్టగట్టి ఆఫీసులో పెట్టేశారు. సున్నా పడితే అందరూ ఏడో తరగతి మళ్లీ చదవాల్సిందే. పెద్ద టీచరు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టుంది. క్షమాపణగా ఓ ఉత్తరం రాసి ఊరుకోండి, పిల్లలదేముంది, ఓ ఏడాదేగా అందట.

మా ఆవిడ ఇంటికొచ్చి ఇదంతా చెబుతుంటే నాకు కోపం ఆగలేదు. ఆవిడ మీదో, ఆ రూలు మీదో, ఎవరి మీదో తెలీదు. “నేను కుట్టడం అయిపోయాక సుద్ద దులిపేస్తాను. నువ్వు పిల్లలకి దులపమని చెప్పలేదు,” అన్నాను. ఆవిడ చెప్పులు విప్పకుండానే మేడమెక్కేసింది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది నాకు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఇంట్లో నడకే నడక. మేడమీద నడిస్తే నా నెత్తిమీద చప్పుడు, కింద నడిస్తే తెర కదిలిపోవడం. ఉత్తరం రాస్తానని కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని, కాగితం చింపేది. నాలుగోరోజు సాయంత్రం రొట్టెల దుకాణమాయన బట్ట పట్టుకుని వచ్చాడు. ఆయన కొడుకు ఆ ముప్ఫై ఒక్కమందిలో ఒకడు. ఎనిమిదో తరగతికి యూనిఫాం రంగు మారుతుందట కదా, రెండు జతలు కుట్టి పెట్టండి, కాస్త పొడుగు వదలండి, వాడు ఎదిగే వయసు అన్నాడు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. తెర వెనక నడక ఆగిపోయింది. ఆయన సంతోషంగా కొడుకు కొలతలు తనే చెప్పి, చేతులకంటిన పిండి దులుపుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ హాజరుపట్టీ సంచిలో పెట్టుకుని పరీక్షల ఆఫీసుకి బయల్దేరింది. నేను కొట్టు మూసి వెంట వెళ్లాను. రమ్మని అడగలేదు, వద్దనీ అనలేదు.

ఆఫీసంటే ఒక పొడుగాటి వరండా, ఆ పొడుగునా గుడ్డల్లో కట్టిన పేపర్ల మూటలు. ఆఫీసరు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మా ఆవిడ చెప్పిందంతా విన్నాడు. ఆవిడ కుర్చీ అంచు మీద కూర్చుని, కాలు ఊపుతూ, వేలితో బల్లమీద గడి గీసి చూపిస్తూ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. తప్పు నాది, గీయమన్నది నేను, పిల్లలకేం తెలీదు అంది. నాకేం శిక్ష వేసినా వేయండి అంది. ఆయన అది పట్టించుకోకుండా లేచి వెళ్లి మా మూట తెచ్చాడు.

“బొమ్మ గీస్తే తప్పేం లేదమ్మా,” అన్నాడు. “ఆ బొమ్మని బట్టి పేపరెవరిదో తెలిసిపోతే తప్పు. రూలు అందుకే పెట్టారు. ఒక్కో పేపరూ చూపిస్తాను. ఎవరు గీశారో చెప్పలేకపోతే అది గుర్తు కిందికి రాదు, దిద్దమని పంపించేస్తాను. ఒక్కటి చెప్పగలిగినా మూట మొత్తం సున్నాయే. గుర్తుపట్టలేకపోతే ఆ మాట సంతకంతో రాసివ్వాలి. దాచారని తర్వాత తేలిందంటే మాత్రం మీరిక బడి గుమ్మం తొక్కడానికుండదు.”

నా గుండెల్లో రాయి పడింది. ఎందుకో చెప్పాలి. ఈ లోకంలో మా ఆవిడకి గొప్ప ఏదైనా ఉందంటే అది ఒక్కటే, పిల్లల గీత పోల్చడం. రాత్రి భోజనాల దగ్గర పుస్తకాల మీది పేర్లు నా చేత మూయించి, బొమ్మ మాత్రం చూసి ఎవరిదో చెప్పేసేది. ఒకడు పెన్సిలు నొక్కి పెడతాడు, ఒకమ్మాయి గీత మధ్యలో ఊపిరి పీల్చుకున్నట్టు ఆగుతుంది, ఇంకొకడు అన్నీ ఎడంపక్కకి వాలుస్తాడు. నేనెన్నిసార్లు పందెం కట్టినా ఓడిపోయాను. తరగతి మొత్తం నాకు అరచేతిలో ఉందండీ అనేది. పైగా అబద్ధం ఆడటం రాదు. ఆడబోతే ముందు ముఖమే చెప్పేస్తుంది.

ఆయన అట్టముక్క అడ్డంపెట్టి, నంబరూ రాతా కనబడకుండా, మూలగడి మాత్రం చూపించాడు. ఆ ఏడు వ్యాసం ‘వాన పడిన రోజు’. మొదటి గడిలో ఒక పొయ్యి తలుపు, దానిమీద రేకు, రేకు మీద వాన. పెన్సిలు ఎంత నొక్కాడంటే కాగితం చిరగలేదు గానీ చిరిగినంత పనైంది. రొట్టెలాయన కొడుకని నాకే తెలిసిపోయింది.

“తెలీదండీ,” అంది మా ఆవిడ.

అప్పుడు చూశాను, ఆవిడ కాలు ఊగడం లేదు. రెండు పాదాలూ నేలకి ఆనించి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, బడి పిల్లలా కూర్చుంది. రెండో పేపరు. తెలీదండీ. మూడోది. తెలీదండీ. ఐదో పేపరులో తడి అడుగుల గుర్తులున్న మెట్లు వచ్చాయి. అరపేజీ మెట్లు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆవిడ తల వంచి చూసి, తెలీదండీ అంది, అదే గొంతుతో. ఒక్కో పిల్లని తను ఎరగనని చెబుతోంది. తన చేత్తో దిద్ది, తన నోటితో నాకు చదివి వినిపించిన పిల్లల్ని. ఆపెయ్యమని చెయ్యి పట్టుకుని లాక్కుపోదామా అనిపించింది.

పదిహేడో పేపరు దగ్గర ఆవిడ ఆగింది. ఆ గడిలో గోడ పక్కన బోర్లా పడ్డ బకెట్టు, దానిమీద పడి చిట్లుతున్న చినుకులు. గీత చాలా పల్చన, తాకితే చెరిగిపోయేట్టు. కాగితం దగ్గరికి లాక్కుంది. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. ఆఫీసరు ఆవిణ్ణే చూస్తున్నాడు. ఇక అయిపోయింది, బయటపడిపోతుంది అనుకున్నాను. చాలాసేపటికి, తెలీదండీ అంది. ఆ గొంతు మిగతావాటిలా లేదు.

ముప్ఫై ఒకటీ అయ్యేసరికి ఆయన ముఖంలో మర్యాద కాస్త తగ్గింది. “ఏడాది పాటు పాఠం చెప్పి ఒక్క పిల్లని కూడా పోల్చలేకపోయారు,” అన్నాడు. అనుమానమో, నిజంగానే చులకనో నాకు అంతుపట్టలేదు. మా ఆవిడ తలూపి, నా పిల్లలెవరి గీతా నేను గుర్తుపట్టలేను అని ఆయన చెప్పినట్టే రాసి సంతకం పెట్టింది. ఆయన మూట మీద దిద్దవచ్చు అని రాసి ముద్ర కొట్టాడు. అంతే, పిల్లల ఏడాది పిల్లలకి వచ్చేసింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చుందో లేదో, ఒకటోది రొట్టెలాయన కొడుకండీ అంది. నేనేమీ అనకముందే రెండోది, మూడోది. ఎవరు, ఏం గీశారు, ఎక్కడ పెన్సిలు ఎత్తారు, అన్నీ. ఇక ఆగడం లేదు. ఐదోది అరపేజీది, మెట్లకి నీడ పెట్టడం నేర్చేసింది చూశారా అంది. ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. చూడనిమ్మని ఊరుకున్నాను. ఆఫీసులో మింగిందంతా బయటికి రావాలి కదా. పదహారోదాకా చెప్పి ఆగింది. పదిహేడోది వదిలేసి పద్దెనిమిది నుంచి ముప్ఫై ఒకటిదాకా చెప్పేసింది.

మరి పదిహేడోదో, అన్నాను.

“అది నిజంగానే తెలీదండీ.”

సంతోషించు, ఒక్క అబద్ధమైనా తగ్గింది అన్నాను, నవ్విద్దామని. ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి హాజరుపట్టీ తీసింది. చెప్పిన ముప్ఫైమందికీ వేలు పెట్టుకుంటూ పోయి, ఒక పేరు దగ్గర ఆగింది. మూడో బెంచీ, గోడవైపు అంది. రోజూ వస్తుంది, పుస్తకం ఇస్తుంది, టిక్కు పెడతాను, తీసుకుపోతుంది అంది. అల్లరి చేయదు, ఏమీ అడగదు అంది. ఇంకేదో చెప్పబోయి, చెప్పడానికేమీ లేక నా చెయ్యి పట్టుకుంది. “ముఖం గుర్తు రావట్లేదండీ.”

మా స్టాపుకి రెండు స్టాపుల ముందే దిగిపోయింది. నేను తిట్టుకుంటూ వెనకే దిగాను. పట్టీలో ఉన్న అడ్రసు పట్టుకుని, ఇద్దరు ముగ్గుర్ని అడిగి, సందులో సందు తిరిగి, ఆఖరికి ఒక రేకుల ఇంటి ముందు నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది. ఆవిడ తలుపు కొట్టింది.

తలుపు తీసింది ఆ పిల్లే. సన్నగా, పొడుగ్గా, తడిచేతులు గౌనుకి తుడుచుకుంటూ. టీచర్ని చూసి కంగారుపడింది.

“అన్నయ్య ఇంట్లో లేడు టీచర్,” అంది.

“అన్నయ్య కోసం కాదమ్మా, నీకోసమే వచ్చాను,” అంది మా ఆవిడ.

ఆ పిల్ల ఓసారి వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని.